ఓర్వకల్లు దగ్గర కాలిన కారు

మా కోడలు ఉలవలు వేయించేటప్పుడు నేను ఇంట్లో ఉండను. చెప్పులు తొడుక్కుని వీధి చివరి టీకొట్టు దాకా పోయి కూర్చుంటాను. మొన్న మోకాళ్ళ నొప్పితో లేవలేకపోయాను. మూకుడులో ఉలవలు చిటపటమన్నాయి. కొంచెం మాడినట్టుండే ఆ పొడి వాసన వంటింట్లోంచి వసారాలోకి వచ్చింది. నాకు తెలియకుండానే రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాను. "ఏం మామా, చలి పెడ్తాందా?" అని అడిగింది కోడలు. అవునన్నాను. అబద్ధం చెప్పడం నాకు కొత్తేం కాదు. ఆ వాసనతో పాటు ప్రతిసారీ ఖాసిం సాబు వస్తాడు. ఆయన ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసుకున్నవాణ్ణి నేనే.

కర్నూల్లో ఒక రెడ్డిగారి వేరుశెనగ నూనె మిల్లుకు ఖాసిం సాబు పెద్ద డ్రైవరు. పొడుగాటి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. అది ముట్టించగా చూసిన గుర్తు నాకు లేదు. ఇరవై ఏళ్ళు నిండాక నేను నందికొట్కూరు నుంచి వచ్చి ఆ మిల్లులో చేరాను. లారీ తోలడం నేర్పింది ఆయనే. నేను "ఉస్తాద్" అని పిలిచేవాణ్ణి. ఒకరోజు వేరుశెనగ కాయల బస్తాలకని మా ఊరి వైపు బయలుదేరుతుంటే, రేడియేటర్లో నీళ్ళున్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

"ఉండాయని తెల్సా, అనుకుంటాండావా?"

"తెల్సు ఉస్తాద్."

దిగమన్నాడు. మూత తీసి వేలు పెట్టమన్నాడు. వేలు పొడిగా వచ్చింది. తిడతాడని తల వంచుకున్నాను గానీ తిట్టలేదు. బిందె తెచ్చి తనే నీళ్ళు పోస్తూ, "అనుకునేది తప్పు గాదప్పా. అనుకున్నేదాన్ని తెల్సని చెప్తావు సూడు, అది తప్పు" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళ పాటు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. టైర్లలో గాలి గురించి, వాగులో నీటి లోతు గురించి, చివరికి నేను అన్నం తిన్నానా లేదా అన్నదాని గురించి కూడా అలాగే అడిగేవాడు. నాకు విసుగొచ్చేది. ఈ ముసలాయన చచ్చేదాకా నన్ను శిష్యుడిగానే చూస్తాడు అనుకునేవాణ్ణి.

మా వైపు రోడ్ల మీద ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది. పైరు కోసి ఎండాక కొర్ర కంకులో, ఉలవ చెట్లో తెచ్చి తారురోడ్డు మీద పరిచేవారు. పోయే బస్సులూ లారీలూ తొక్కితే గింజ రాలుతుంది, ఎడ్లను తిప్పే శ్రమ తప్పుతుంది. కొందరు డ్రైవర్లు బూతులు తిట్టి పోయేవాళ్ళు. ఖాసిం సాబు మాత్రం బండి నెమ్మది చేసి, ఒకసారి ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఇంకోసారి తొక్కించేవాడు. "మన చక్రమేమన్నా అరిగిపోతాదా?" అనేవాడు. రైతులు చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు. ఆయన పక్కన కూర్చుని ఆ దండాల్లో సగం నాకే అనుకునేవాణ్ణి.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఊరు ఊరంతా పెద్దమనుషుల కార్లతో నిండిపోయింది. మా రెడ్డిగారికి నిద్ర పట్టలేదు. దేశం విడిచి పోతున్న ఒక ఇంగ్లీషు దొర మద్రాసులో తన పందెపు కారు అమ్ముతున్నాడని విని, నన్నూ ఖాసిం సాబునూ వెంటబెట్టుకుని రైలెక్కాడు. ఆకుపచ్చ రంగు కారు, రెండే సీట్లు, మీద కప్పు లేదు. ముట్టుకుంటే వేలి ముద్ర పడేంత నునుపు. రెడ్డిగారు దాని చుట్టూ పెళ్ళికూతుర్ని చూసినట్టు తిరిగాడు. ఖాసిం సాబు మాత్రం నేల మీద పడుకుని, కారు కిందికి చెయ్యి పెట్టి కొలిచాడు. లేచి చొక్కా దులుపుకుంటూ, "జానెడు గూడా లేదు" అన్నాడు.

ఆ దొర ఇంటి వాకిట్లోనే మాట మొదలైంది. రెడ్డిగారు ఆ సాయంత్రమే రైల్లో వెళ్ళిపోవాలి. కారు ఎలా రావాలన్నదే ప్రశ్న.

"గూడ్సు బండిలో ఎక్కిద్దామప్పా," అన్నాడు ఖాసిం సాబు. "పదిదినాలు పడితే పడనీ. ఇది మన రోడ్లకు పుట్టిన బండి గాదు. కడుపు నేలకు తగుల్తాది."

"గుంతకల్లులో దించి చిన్నలైను బండికి ఎక్కియ్యాల గదా," అన్నాడు రెడ్డిగారు. "ఆ కూలోళ్ళు గీతలు పెడ్తే? అయినా నా కారు ఇంకో బండి మీద ఎక్కి ఊళ్ళోకి వస్తాదా? పీనుగను మోసుకొచ్చినట్టు?" నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావురా నారాయణా? తోలుకొని రాగలవా?"

ఆ మాటకు నా గుండె ఎంత ఉబ్బిందో ఇప్పుడు చెప్తే సిగ్గుగా ఉంటుంది. కారు రైల్లో వస్తే స్టేషన్లో దించి ఊళ్ళోకి తోలేది పెద్ద డ్రైవరు. రోడ్డు మీద వస్తే చక్రం నాది, ఎందుకంటే ఖాసిం సాబుకు అప్పటికే దూరం చూపు మసకలేసింది. "వస్తానప్పా. ఆ దావలో ప్రతి గుంతా నాకు తెల్సు," అన్నాను.

ఖాసిం సాబు నన్నే చూశాడు. "తెల్సా, అనుకుంటాండావా?"

"తెల్సు," అన్నాను, దొర ముందర, రెడ్డిగారి ముందర, గట్టిగా. నాకు తెలిసింది లారీ. ఆ కారులో నేను అప్పటికి కూర్చోనైనా కూర్చోలేదు.

ఆయన తెల్లవారి బయలుదేరేటప్పుడు మూట తీసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. "నువ్వు రైల్లో పోరాదా ఉస్తాద్?" అన్నాను. "నిన్ను ఒంటిగా యాడికి పంపేది?" అన్నాడు.

కడప దాకా బాగానే వచ్చాం. అక్కడ ఆగి, రెండో రోజు పొద్దున్నే మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల దాటాం. ఊళ్ళలో పిల్లలు వెంట పరుగెత్తారు. పోలీసులు సెల్యూట్ కొట్టారు. గుంతలొచ్చినచోట ఖాసిం సాబు దిగి ముందు నడుస్తూ చేత్తో దారి చూపించాడు, నేను విసుక్కుంటూ ఆయన వెనక తోలాను. మిట్టమధ్యాహ్నానికి ఓర్వకల్లు రాతిగుట్టలు కనిపించాయి. ఇక ఇల్లు చేరినట్టే. ఆ గుట్టల మలుపు తిరగగానే రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి, మోకాలెత్తున, దాదాపు ఫర్లాంగు పొడవున. ఒక రైతు, ఆయన భార్య, ముసలి తల్లి పక్కన నిలబడి రమ్మని చేతులూపుతున్నారు.

"ఆపప్పా," అన్నాడు ఖాసిం సాబు. "దిగి చేత్తో పక్కకు లాగుదాం. ఇది లారీ గాదు."

నాకు నవ్వొచ్చింది. వందసార్లు తొక్కించాం కదా ఉస్తాద్, నువ్వు నేర్పిందే కదా అని, వేగం పెంచి ఎక్కించేశాను. లారీ ఎత్తు మీద ఉంటుంది, ఎండిన ఉలవ కట్టె దాని చక్రాల కింద నలుగుతుంది. ఈ కారు ఆ కట్టెలోనే ఈదింది. ఎండిన తీగలు కారు కింద ఇరుసుకు చుట్టుకున్నాయి, పొద్దుటినుంచి కాగి ఉన్న పొగ గొట్టానికి తగిలాయి. సగం దాటామో లేదో మాడిన వాసన వచ్చింది, వెంటనే కాళ్ళ దగ్గర పొగ. నేను ఆపి దూకేశాను. ఇంజను ఆపాలన్న జ్ఞానం కూడా లేకపోయింది.

ఖాసిం సాబు దూకలేదు. ముందూ వెనకా చూశాడు. కారు అక్కడే కాలితే ఆ సంసారం ఏడాది కష్టమంతా దానితో పాటే కాలిపోతుంది. నా సీట్లోకి జరిగి, గేరు వేసి, మండుతున్న కారును రోడ్డు దించి రాళ్ళలోకి తోలాడు. ముప్పై గజాలుంటుందేమో. ఆ లోపే పెట్రోలు అంటుకుంది. చేతిలోని స్టీరింగు చక్రం కొయ్యది, మంటకు అదీ కాలుతూ ఉంది. కారు రాతికి తగిలి ఆగేదాకా ఆయన చక్రం వదల్లేదు, ఆగాకే కిందికి దొర్లాడు. రైతు అప్పటికే కట్టెకు అంటిన మంటను కంప కొమ్మలతో కొట్టి కొట్టి సగం పైరు దక్కించుకున్నాడు. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. అంతే చేశాను.

నంద్యాల నుంచి వచ్చే బస్సులో ఆయన్ను కర్నూలు ఆసుపత్రికి చేర్చాం. మర్నాడు రెడ్డిగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఖాసిం సాబు చేతులకు కట్లు, ముఖం సగం నల్లగా. "ఎవరు తోల్తిరిరా?" అని అడిగాడు రెడ్డిగారు. నేను నోరు తెరిచాను. తెరిచాననే నా జ్ఞాపకం.

"నేనే తోల్తినప్పా," అన్నాడు ఖాసిం సాబు. మాతో వచ్చిన రైతు కళ్ళలో నిలిచింది మండే కారు తోలిన ఆయనే, అతనూ అదే చెప్పాడు.

"వద్దు వద్దన్నోడివి, నీవే తగలబెడ్తివా?" అని రెడ్డిగారు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మంచం వైపు రాలేదు. నేను ఏడుస్తూ ఎందుకట్లా చెప్తివని అడిగితే, ఆయన కట్లు కట్టిన చేతులు కొంచెం పైకెత్తి చూపించాడు. "ఇంక చక్రం పట్టేదానికి నాకు చేతుల్లేవు. నీకుండాయి."

నెల తిరక్కముందే పెద్ద డ్రైవరు పని నాకిచ్చారు. మిల్లు వెనక ఆయన ఉండే గది కూడా నాకే వచ్చింది. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయిన చేతులతో ఆయన చెల్లెలింటికి ఓర్వకల్లుకే పోయాడు. అన్నం ఆమే కలిపి తినిపించేది. అప్పుడప్పుడు పోయి చూసేవాణ్ణి. చివరిసారి పోయినప్పుడు మనిషి గొంగట్లో ముడుచుకుని ఉన్నాడు. చెవి మీద బీడీ ఉంది, చెల్లెలు పెట్టి ఉంటుంది. నాకు ఉండబట్టలేదు.

"ఉస్తాద్, రేపే పోయి రెడ్డిగారికి నిజం చెప్పేస్తా."

ఆయన కళ్ళు తెరిచాడు. మసక కళ్ళు, నేను కనిపించానో లేదో. "చెప్తావని తెల్సా, అనుకుంటాండావా?"

"తెల్సు," అన్నాను.

ఆ వారంలోనే ఆయన పోయాడు. నేను చెప్పలేదు. పెళ్ళయ్యాక చెప్దామనుకున్నాను, పిల్లలు పుట్టాక చెప్దామనుకున్నాను, ఆ తర్వాత రెడ్డిగారూ పోయాడు. ముప్పై ఏళ్ళు డ్రైవరు పని చేశాను, ఒక్క కుక్కపిల్లకైనా దెబ్బ తగలనివ్వలేదు. రేడియేటరు మూత తీసి వేలు పెట్టకుండా ఏ రోజూ బండి కదిలించలేదు. నా దగ్గర నేర్చుకున్న వాళ్ళందరినీ అదే ప్రశ్న అడిగాను. అది నా సొంతమని వాళ్ళు అనుకున్నారు, నేను కాదనలేదు.

మొన్న కోడలు గిన్నెలో వేయించిన ఉలవలు తెచ్చి ముందు పెట్టింది. కర్నూల్లో ఆ కారు సంగతి ఎత్తే ముసలివాళ్ళు ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారు. సాబు తగలబెట్టిన కారు అనే అంటారు. గిన్నె పక్కకు జరిపి, కాగితాలు తెమ్మని కోడలికి చెప్పి, ఇదంతా రాశాను. తెలియకుండానే తెల్సన్నది నేను. కారు తోలింది నేను. ఇది అనుకుని రాస్తున్నది కాదు ఉస్తాద్, తెలిసి రాస్తున్నది.