గీత తొక్కని కాలు

పోయినవేమిటో ముందు చెప్పేస్తాను. ఒక పాయింటు. ఒక ఫైనలు. పెద్ద పోటీలకు పోవలసిన ఒక ప్రయాణం, పన్నెండు మందిది. పందొమ్మిదేళ్లు ఆడిన మనిషికి మిగిలిన ఒకే ఒక అవకాశం. హోటల్ బల్ల మీద పొద్దుటి పూట ఒక చోటు, అది ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది. సగంలో ఆగిన రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి. పోనిది ఒక్కటే ఉంది, ఒక మస్టరు. దాన్ని కాపాడింది నేనే. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది దాని గురించే.

మా నస్పూర్‌లో గనిని బాయి అంటాం, ఒక రోజు హాజరును మస్టరు అంటాం. అది పడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. నేను బాయి మీద దీపాల గదిలో పనిచేస్తాను. లోపలికి దిగేవాడు తన నంబరు బిళ్ల ఇచ్చి తలదీపం తీసుకుపోతాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక కొక్కేనికి ఒక్క బిళ్ల మిగిలినా, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు నాకు బడి నేర్పలేదు, ఆ కొక్కేలు నేర్పాయి. ఒకటి తేడా వస్తే పోనీలే అనడం నాకు చేతకాదు.

బాస్కెట్‌బాల్ పిచ్చి నాకు బావ వల్ల అంటింది. బావ చుట్టం కాదు, పక్క క్వార్టరు మనిషి. లోపల డ్రిల్లింగ్ పని. మా బాయి జట్టుకు కెప్టెన్, దూరం నుంచి బంతి వేయడంలో అతన్ని మించినవాడు మా వైపు లేడు. అమెరికా లీగులో ప్లేఆఫ్‌లు మొదలైతే ఆ మ్యాచులు మాకు పొద్దున్నే వస్తాయి. బాయి గేటు ముందున్న హోటల్లో, హోటలాయన తన ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి పెట్టేవాడు. నేను, బావ, ఇంకా సారు. సారంటే బడిలో ఆటలు నేర్పి రిటైరైన డ్రిల్లు మాస్టారు. చుట్టుపక్కల ఏ మ్యాచుకైనా ఆయనే రిఫరీ. విజిల్ ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది.

బావ ఒక ముసలి ఆటగాడికి భక్తుడు. సారు ఒక కొత్త పొడుగువాడి పక్షం. ఏటా రెండు నెలలు వీళ్లకు ఇదే పంచాయితీ.

"మీ ముసలాయనకు కప్పులెన్ని? గది చెప్పు ముందుగాల," అనేవాడు సారు.

"కప్పు ఒక్కడు కొడ్తడా సార్? అయిదుగురు ఆడ్తరు. మీ పొడుగోడు సగం పాయింట్లు ఫ్రీ త్రోలల్లనే సంపాయిస్తడు. చెయ్యి తాకకముందే పడ్తడు. మా అవ్వ గట్ల పడితె అంబులెన్సుకు ఫోన్ చేస్తుంటి," అనేవాడు బావ.

"ఇద్దర్ల ఎవ్వడచ్చి నా చాయ్ పైసలు కట్టడు. చల్లగైతంది, తాగుండ్రి," అనేవాడు హోటలాయన.

చివరికి నా వైపు తిరిగేవాళ్లు. "లెక్కలోడా, నువ్వు చెప్పు." నేను నోటుబుక్కు తీసేవాణ్ణి. మ్యాచుకు ఎన్ని పాయింట్లు అన్నది తప్పుడు లెక్క, ఆడిన నిమిషాలతో భాగించాలని నా పట్టు. వేసిన బంతులెన్ని, పడినవెన్ని, చేజార్చినవెన్ని అన్నీ విడిగా రాసి భాగించేవాణ్ణి. ఎవరి వైపు లెక్క తేలితే రెండోవారు రెండు రోజులు నాతో మాట్లాడేవారు కాదు. అది నాకు గౌరవంగానే ఉండేది.

రిఫరీల దగ్గరికి వస్తే మాత్రం సారుకు పూనకం వచ్చేది. తన పొడుగువాడి మీద విజిల్ పడితే చాలు, బల్ల గుద్దేవాడు.

"అమ్ముడువోయిండ్రు! గన్ని కెమెరాలున్నయి గదా, ఇంకోపారి చూస్తె కండ్లు వోతయా? చూడకుంట చెప్పెటోడు రిఫరీ ఎట్లైతడు?"

ఈ మాట గుర్తుంచుకోండి. నేనైతే మరిచిపోలేదు.

ఈ గొడవలు తీర్చడానికి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లలో ఒక కాక ఉన్నాడు. రాత్రంతా లోపల నీళ్ల పంపు దగ్గర ఒక్కడే కూర్చునే పని ఆయనది. ఏడు దాటాక పైకి వచ్చేసరికి ఆయనకు ఏ మ్యాచు సంగతీ తెలియదు. ఏ జట్టు మీదా మోజు లేదు. ఆయన ముఖం కడుక్కుని కూర్చోగానే హోటలాయన గొడవ పడ్డ ముక్కను ఫోన్లో మళ్లీ నడిపేవాడు. స్కోరు కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టేవాడు. కాక మూడుసార్లు చూసి, సరి అనో తప్పు అనో చెప్పేవాడు. ఆ మాటకు తిరుగు లేదు. నేను రాసేసేవాణ్ణి. నాలుగేళ్ల నోటుబుక్కులో సారు ఇంకోసారి చూడాలని పట్టుబట్టినవి నలభై మూడు. అందులో రిఫరీదే తప్పని కాక అన్నవి పదిహేడు. తన మాట నెగ్గని ఇరవై ఆరు సార్లూ సారు కిమ్మనకుండా ఒప్పుకున్నాడు. అందుకే ఆయనంటే నాకు మర్యాద ఉండేది.

మూడేళ్ల కిందట, చలికాలంలో, బాయిల మధ్య పోటీల ఫైనల్లో మా బాయి ఉంది. గెలిచిన జట్టు పెద్ద పోటీలకు పోతుంది. బావ పందొమ్మిదేళ్లలో నాలుగుసార్లు ఫైనల్ దాకా వచ్చాడు, నాలుగుసార్లూ ఓడాడు. మోకాళ్లలో గుజ్జు అరిగింది, ఈ ఏడుతో ఆపెయ్యమని డాక్టరు చెప్పేశాడు. పెద్ద పోటీల్లో ఒక్క మ్యాచు, ఒక్కటంటే ఒక్కటి ఆడి బూట్లు విప్పేస్తానని బావ నాతో అన్నాడు. రిఫరీ సారే. స్కోరు షీటు రాసేవాణ్ణి నేనే. ఆ పని నేర్పింది కూడా సారే.

మ్యాచు పన్నెండున్నరకు మొదలు కావాలి. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు, ఒకటీ పదిహేనుకు మొదలైంది. సారు అన్యాయంగా ఆడించాడని నేను అనను. ఆ రోజు షీటు ప్రకారం మా మీద ఫౌళ్లు పదహారు, ఎదుటి జట్టు మీద పదిహేను. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. నాకున్న పేచీ ఒకే ఒక్క విజిల్ దగ్గర.

చివరి నాలుగు సెకన్లు. వాళ్లవి అరవై ఒకటి, మావి యాభై ఎనిమిది. బంతి బావ చేతికొచ్చింది. మూడు పాయింట్ల గీతకు బయట ఆగి, ఎగిరి వేశాడు. బజరు మోగేలోపు బంతి చేయి వదిలింది, వలలో పడింది. జనం కోర్టులోకి వచ్చేశారు. సారు విజిల్ ఊది రెండు వేళ్లు చూపించాడు. తర్వాత గీత వైపు చేయి చాపాడు. కాలు గీత మీద పడిందని, కాబట్టి రెండేనని.

ఆ బంతిని హోటలాయన గీత పక్కనే నిలబడి ఫోన్లో తీశాడు. ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. "సార్, దీంట్ల ఉన్నది. ఒక్కపారి చూడుండ్రి."

"గీడ ఫోన్లు చూసుడు రూల్ల లేదు. నా కన్ను చూసింది, నా చెయ్యి చూపింది." సారు నా వైపు తిరిగాడు. "రాయి."

నేను రాశాను. షీటులో ఒకటి నుంచి వరుసగా అంకెలుంటాయి, వచ్చిన పాయింటు మీద అడ్డగీత కొట్టాలి. అరవై మీద కొట్టాను. పక్కనే అరవై ఒకటి గీత పడకుండా మిగిలిపోయింది.

బావ చెమటతో బల్ల దగ్గరికొచ్చాడు. "నా కాలు తొక్కలే. ఒట్టు, తొక్కలే. ఇప్పుడేం జెయ్యాలె?"

గోడ గడియారం మూడుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. బావది రెండో షిఫ్టు. మూడింటికి దీపాల గది కిటికీ మూస్తారు. ప్రాక్టీసుల వల్ల ఆ నెల అతనికి అప్పటికే రెండు మస్టర్లు పోయాయి. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? నా నోట వెంటనే వచ్చింది అదే.

"చేసేది తర్వాత చూద్దాం బావా. మస్టర్ వోతది, ఉరుకు!"

ఆట బూట్లతోనే, ఆ మోకాళ్లతోనే ఉరికాడు. మూడుకు రెండు నిమిషాల ముందు దీపం తీసుకున్నాడు. తర్వాత రిజిస్టరులో చూశాను.

అతను గేటు దాటాక నా చూపు షీటు అడుగున పడింది. అక్కడ ఒక చిన్న గడి ఉంటుంది. ఫలితం ఒప్పుకోని కెప్టెన్ అందులో సంతకం చేయాలి, అదీ రిఫరీ సంతకం పడేలోపు. చేస్తే పెద్దలు కూర్చుని విచారించి తీరాలి. ఆ గడి సంగతి బావకు తెలియదు. నాకు తెలుసు. కానీ మస్టరు ముందు నాకు ఇంకేదీ గుర్తు రాలేదు.

"సార్, ఒక్క గడియ ఆగుండ్రి. కెప్టెన్ సంతకం..."

సారు తల ఎత్తి కోర్టంతా చూశాడు. "ఏడి కెప్టెన్? లేడు గదా." సంతకం చేసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు, విజిల్ పక్కనే.

మర్నాడు పొద్దున కాక పంపు దగ్గరి నుంచి వచ్చాడు. అంతకు ముందు నాలుగు రోజులు జైనూర్ దగ్గరి తన ఊళ్లో ఉండి, రాత్రి బస్సు దిగి నేరుగా డ్యూటీకి పోయినవాడు. మ్యాచు సంగతి విన్నావా అని ముందే అడిగాను. ఏ మ్యాచు అన్నాడు. సారు ఎదుటి బల్ల మీదే చాయ్ తాగుతున్నాడు. హోటలాయన బూటు, గీత మాత్రమే కనబడేలా పెద్దది చేసి చూపించాడు. కాక మూడుసార్లు చూశాడు. నాలుగోసారి కూడా చూశాడు.

"బూటుకు, గీతకు నడుమ బొటనవేలంత జాగున్నది. గిది మూడు. రెండన్నోడు ఎవడు? కండ్లకు గంతలు కట్టుకున్నడా?"

నేను సారునే చూశాను. "సార్, మీరే గదా, ఇంకోపారి చూడనోడు రిఫరీ కాదంటిరి. నలభై మూడు సార్లు అన్నరు. రాసిపెట్టిన."

"అమెరికా సంగతి ఏరు, మన సంగతి ఏరు. సంతకం అయింది, ఆట అయిపోయింది. ఊకో ఇగ," అన్నాడు సారు. చాయ్ పూర్తిగా తాగే వెళ్లాడు.

ఇదే నాకు మింగుడు పడనిది. ఎప్పుడూ తప్పుగా చూడని మనిషి ఉండడు. పొరపాటు కన్నుదైతే క్షమించవచ్చు. కానీ ఎక్కడో సముద్రాల అవతల, తనకు ముక్కూ ముఖం తెలియని పొడుగువాడికి జరిగే అన్యాయానికి బల్ల గుద్దిన మనిషి, తన ఎదుట, తను చిన్నప్పటి నుంచి ఆట నేర్పిన మనిషికి జరిగినప్పుడు ఫోను వైపు తల తిప్పలేదు. చూస్తే ఏం పోయేది? అర నిమిషం.

గడి సంగతి వారం తర్వాత బావకు నేనే చెప్పాను, దీపాల గది కిటికీలోంచి. దాచడం నా వల్ల కాలేదు. దీపం బ్యాటరీని నడుముకు బిగించాడు.

"నాకేమెరుక గా డబ్బ సంగతి," అన్నాడు. "నీకెరుకే గదా."

అంతే అన్నాడు. ఆ రోజు నుంచి హోటల్‌కు రాలేదు. నోటుబుక్కులో నేను మళ్లీ రాయలేదు.

ఈ ఏడు ప్లేఆఫ్‌లలో సారు మళ్లీ బల్ల గుద్దాడు. "ఇంకోపారి చూడనోడు..." అని మొదలుపెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. "నలభై నాలుగు సార్," అన్నాను. ఆయనకు అర్థమైంది.

"ఒక్క పాయింట్ కోసం ఇంకెన్నేండ్లు తవ్వుతవయా?" అన్నాడు.

లెక్క సరిగా చెప్పాల్సిన బాధ్యత నాది. పైన ఒక ఫైనలు పోయిందని రాశాను. అది తప్పు, దిద్దుకుంటున్నాను. మా పాయింటు మాకు ఇస్తే అరవై ఒకటి, అరవై ఒకటి. సమానం. గెలుపు కాదు. సమానమైతే ఇంకో ఐదు నిమిషాలు ఆడించాలన్నది రూలు. ఆ ఐదు నిమిషాల్లో మేము ఓడిపోయి ఉండవచ్చు కూడా. కప్పు మాదేనని నేనెప్పుడూ అనలేదు, పెద్ద పోటీలకు పోవడం మా హక్కని కూడా అనలేదు. రానివాటిని రావలసినవాటిలో కలిపే అలవాటు నాకు లేదు.

బావ ఇప్పుడు మోకాలికి పట్టీ కట్టుకుని కిటికీ దగ్గరికొస్తాడు. బిళ్ల ఇస్తాడు, దీపం తీసుకుంటాడు. కొన్ని రోజులు మాత్రం, "ఎంతుండెనే మనకు రావాల్సింది?" అని అడుగుతాడు. ఆ మోకాళ్లకు ఆ బాకీ ఇక ఎవరూ తీర్చలేరని ఇద్దరికీ తెలుసు. అయినా తగ్గించి చెప్పను, పెంచీ చెప్పను.

ఒక పాయింటు, ఐదు నిమిషాలు.