ఒక్కదానికి సరిపడా

మా ఎదురు గది అక్కది ఎముక లేని చెయ్యి. ఇరవై రెండేళ్లుగా హాస్టల్లో నూట యాభై మందికి వండుతోంది. పొద్దున్నే గోడమీది బోర్డుపై ఎందరు తింటారో సుద్దతో రాస్తేగాని పొయ్యి వెలిగించదు. ఆ లెక్కలో తను మాత్రం ఉండదు. భర్త పోయాక ఒంటరిదైంది. అందరూ తిన్నాక మిగిలిన వేపుడో తీపో నిలబడే తినేసి గదికొచ్చి పడుకునేది.

కంట్లో శుక్లం ముదిరితే నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. "షుగరు దిగితేనే ఆపరేషన్. మూడు నెలలు చూద్దాం. ఇంట్లో వండుకుని వేళకి తినండి" అన్నాడు డాక్టరు. చూపు పోతే పని పోతుంది. ఇంటికొచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. నాకూ భయమేసింది.

మర్నాడే చిన్న గిన్నె కొంది. గిన్నె చిన్నదైతే మాత్రం చెయ్యి చిన్నదవుతుందా? పప్పు పదిమందికి అయ్యింది, చిక్కుళ్లు బుట్టెడు తరిగింది. పారేయడానికి మనసొప్పక మూడు పూటలా అదే తిన్నది. నెల తిరిగేసరికి షుగరు దిగలేదు సరికదా, ఇంకో మెట్టెక్కింది.

"మిగిలింది నాకు పెట్టక్కా" అన్నాను. ఆమె మంచికే అన్నాననుకోండి, నా నాలుక మంచి కూడా అందులో ఉంది. తీరా నేనొస్తానని ఇంకా ఎక్కువ వండడం మొదలుపెట్టింది. నాకు తోడుగా మళ్లీ తినేది.

ఓ సాయంత్రం గిన్నెతో వెళితే తలుపు సగమే తీసింది.

"ఇవాళ లేదే చెల్లీ. నా ఒక్కదానికే వండుకున్నా."

దొంగతనం చేసి దొరికినట్టుంది ఆమె మొహం. వెనక బీరువా తలుపుమీద సుద్దతో "1" అని రాసుంది. పక్కనే కంచంలో కొంచెం పప్పు, గుప్పెడు ఆకుకూర, ఒక గుడ్డు. నాకు ఒళ్లు మండి నాలుగు రోజులు మాట్లాడలేదు. నూట యాభై మందికి పెట్టిన మనిషికి ఒక్కరికి లేదనడం ఎంత కష్టమో నా మట్టిబుర్రకి అప్పుడు తట్టలేదు. ఐదో రోజు సిగ్గుపడి నేనే వెళ్లి పలకరించాను.

గడువు తీరాక పరీక్ష కాగితం చూసి డాక్టరు తలెత్తాడు.

"బాగా దిగిందే! ఎవరమ్మా మీకు వండిపెడుతున్నది?"

"నేనేనండీ" అంది అక్క. "కూర్చుని తింటున్నానండీ." అంతే, బావురుమంది.

డాక్టరు కంగారుపడ్డాడు. "అయ్యో, కళ్లు నలపకండి! మంగళవారం ఆ కంటికే ఆపరేషన్."