ఎర్ర గీత పడని పేర్లు

ఎవరైనా దయ్యాల కథలు మొదలుపెడితే గదిలోంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. మాది కాకినాడ, చదివింది మెకానికల్ డిప్లొమా. ఏది మొరాయించినా కాగితం తీసి మూడు ప్రశ్నలు రాసుకుంటాను: ఏం మారింది, ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు. ఈ మూడింటికీ లొంగని తప్పు ఉండదని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ దాదాపు అలాగే నమ్ముతాను. ఆ 'దాదాపు' ఎలా వచ్చి చేరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ప్రపంచ కప్పు కోసం ఖతర్ అంతా తవ్వి కడుతున్న రోజులవి. ఒక స్టేడియం సైట్‌లో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేరాను. ఉండేది అల్ మన్సూరా అనే పేటలో, ఇంకో ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో. పగలంతా పోర్టా క్యాబిన్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని కాగితాలు చూడడం నా పని. డ్రాయింగులు, సెలవు ఉత్తరాలు, పనివాళ్ళు దేశం దాటడానికి అప్పట్లో కావలసిన ఎగ్జిట్ పర్మిట్ జాబితాలు.

నాకు ముందు ఆ కుర్చీలో మల్లేశం అనే ఆయన పనిచేశారు. నిజామాబాద్ వైపు మనిషని మాత్రం విన్నాను. ఆయన ఏమయ్యారని స్టోర్ కీపర్‌ను అడిగితే, రెండు చేతులూ దులిపి "మల్లేశం ఖలాస్" అన్నాడు. అయ్యో అనుకున్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆయన నాకు రెండు వదిలివెళ్ళారు. ఒకటి, మానిటర్ అంచుకు అంటించిన కాగితం ముక్క. దానిమీద స్కెచ్ పెన్‌తో "కాయితం సూసి రాయ్" అని ఉంది. రెండోది, కంప్యూటర్‌లో ఒక పాత టెక్స్ట్ ఎడిటర్. అక్షరాలు రాసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని చిన్న ప్రోగ్రాం. జాబితాలన్నీ అందులోనే తయారయ్యేవి.

మొదటి రోజు దాన్ని తెరవగానే తప్పు చూపించింది. సెట్టింగుల ఫైల్‌లో ముప్పై ఒకటో వరుస చదవలేకపోతున్నానంది. ఆ వరుసను పది సార్లు చూశాను, శుభ్రంగా ఉంది. ఇలాంటి తప్పులు చాలాసార్లు చూపించిన వరుసలో ఉండవు, దాని పై వరుసలో ఉంటాయి. ముప్పయ్యో వరుసలో ఒక కొటేషన్ గుర్తు తెరిచి మూయలేదు. మూశాను. వెంటనే ఇంకో తప్పు: సొంత పదాల ఫైల్ దొరకడం లేదు. పాత డ్రైవ్ మార్చినప్పుడు ఆ ఫైల్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్ళింది. వెతికి పట్టుకుని, దారి సరిచేశాను. ఎడిటర్ నోరెత్తలేదు.

ఆ సొంత పదాల ఫైల్ గురించి చెప్పాలి. ఎడిటర్‌కు తెలియని మాట రాస్తే కింద ఎర్ర గీత పడుతుంది. మన పేర్లన్నిటికీ పడుతుంది. 'ఈ మాటలు సరైనవే, గీత వెయ్యకు' అని చెప్పడానికి ఈ ఫైల్. వరుసకు ఒక పేరు చొప్పున, ఇంగ్లీషులో, నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. చివరిసారి మార్చింది మూడేళ్ళ క్రితం. చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా తాళం వేసి ఉంది.

ఏ ఫైల్‌ను ముట్టుకునే ముందైనా ఒక ప్రింటు తీసి, తేదీ వేసి పెట్టుకోవడం నా అలవాటు. దీన్నీ తీశాను. కూర్చుని పాత హాజరు పట్టీలతో పోల్చాను. పదకొండు మాటలకు మనుషులు దొరకలేదు. వాటి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి, కాగితాన్ని సొరుగులో వేసి మరిచిపోయాను.

నెల తర్వాత కొత్తగా కొందరు వచ్చారు. వాళ్ళలో లింబాద్రి ఒకడు, రాడ్లు కట్టే పని. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు టీ వేళకు, చొక్కా నిండా సిమెంటు దుమ్ముతో ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. కార్పెట్ పాడవుతుందని లోపలికి రాలేదు.

"సారూ, నా పేరు రేపటి లిస్టుల పడ్తదా?"

"పడుతుంది అన్నా. టికెట్ ఎప్పటికి?"

"బేస్తారానికి. పదిహేను దినాలల్ల కాన్పైతదన్నది డాక్టరమ్మ. తొమ్మిదేండ్లకు సారూ! ఇప్పుడు గిన నేను పోకుంటె మా ఆమె మల్ల ఇంట్లకు రానియ్యది."

నవ్వుతూనే అన్నాడు కానీ, హెల్మెట్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆ జాబితా వారానికి ఒకసారే వెళ్ళేది. పేరు పాస్‌పోర్టుతో ఒక్క అక్షరం కలవకపోయినా తిరిగి వచ్చేది. తిరిగొస్తే ఇంకో వారం. టికెట్ పోతుంది, ఆ తర్వాత ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

హాజరు పట్టీ చూసి ఏడు పేర్లు కొట్టాను. ఆరింటికి గీత పడలేదు. లింబాద్రికి పడింది.

మళ్ళీ సెట్టింగులు పాడయ్యాయనుకున్నాను. ముప్పై, ముప్పై ఒకటి వరుసలు చూశాను. బాగానే ఉన్నాయి. ఎడిటర్ మూసి తెరిచాను. గీత అలాగే ఉంది. పేరు మీద నొక్కితే, దానికి బదులుగా ఒకే ఒక్క మాట సూచించింది. ఇంగ్లీషులో డి రెండుసార్లు, ఆ వెంటనే అక్కర్లేని ఒక ఐ. చదివితే 'లింబద్దిరి' అవుతుంది.

మానిటర్ అంచున కాగితం ముక్క నా ముఖంలోకే చూస్తోంది. లేచి బీరువాలోంచి పాస్‌పోర్టు నకలు తీశాను. లింబద్దిరి. రెండు డిలు, అక్కర్లేని ఐ. ఊళ్ళో ఏజెంటు ఎవరో అలా రాయించాడు.

దిద్దాను. జాబితా వెళ్ళింది, అనుమతి వచ్చింది, లింబాద్రి బేస్తవారం విమానం ఎక్కాడు. నాకూ సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో టీ తాగుతుంటే, మూడేళ్ళ నాటి ఫైల్‌కు ఈ తప్పు ఎలా తెలుసని అప్పుడు తట్టింది.

నా ప్రశ్నలు బయటికి తీశాను. పెద్దక్షరాల మాటలను ఎడిటర్ వదిలేస్తోందా? లేదు, ఆ సెట్టింగ్ ఆపి ఉంది. పైగా సరైన స్పెల్లింగుకు గీత వేసింది. ఎవరైనా ఈమధ్య ఫైల్ మార్చారా? తేదీ మారలేదు, తాళం తీయలేదు. తేదీని ఎవరైనా మోసంగా మార్చవచ్చు కదా? మార్చవచ్చు. అందుకని సొరుగులోంచి నా ప్రింటు తీశాను. లింబాద్రి రాకముందు నెల తేదీ, నా చేతివ్రాతలో. ఆ పేరు అదే తప్పుతో అందులో ఉంది. పక్కన నా పెన్సిల్ గీత.

మిగతా పదీ చూశాను. ఎనిమిది పేర్లు ఆ తర్వాత వచ్చినవాళ్ళవే, వాళ్ళ వాళ్ళ పాస్‌పోర్టు తప్పులతో సహా. ఇంకా మనిషి దొరకనివి రెండు. వాటిలో ఒకటి పేరులాగా కూడా లేదు: 'సహస్సరా'. ఏదో అరబ్బీ ఊరనుకున్నాను.

ఒప్పుకుంటున్నాను, మల్లేశం గారే అనుకున్నాను. పోయాక కూడా తన వాళ్ళ పేర్లు తప్పు పోకుండా చూసుకుంటున్నారని. కొన్నాళ్ళు ఆ కుర్చీలో కూర్చునే ముందు మనసులో ఒక నమస్కారం పెట్టుకునేవాణ్ణి. భయం వెయ్యలేదు. పక్కన పెద్దవాళ్ళెవరో ఉన్నట్టు ఉండేది.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక లింబాద్రి వీడియో కాల్ చేశాడు. ఒడిలో గుడ్డలో చుట్టిన ఆడపిల్ల. కాన్పు వేళకు ఆసుపత్రి బయట తనే ఉన్నాడట. "సారూ, మీ పుణ్యం" అన్నాడు.

నాది కాదన్నా, చనిపోయిన మల్లేశం గారిది, అని ఫైల్ సంగతి చెప్పాను. లింబాద్రి ఫోన్ పక్కకు తిప్పాడు. మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని మక్క కంకి తింటున్నాడు.

"ఏం తమ్మీ, నన్ను సంపినవట?"

స్టోర్ కీపర్ ఖలాస్ అన్నాడండీ, అని నసిగాను.

"ఖలాస్ అంటె కాంట్రాక్టు ఖలాసయిందని! గల్ఫుల ఉండి గది తెల్వదా? గీ లెక్కన రోజుకు సగం క్యాంపు సస్తది గద!"

లింబాద్రి ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అడగవలసింది అడిగాను. ఆయన కంకి పక్కన పెట్టారు.

"పేర్లు ఎక్కిచ్చిన, నిజమే. ఉన్నోళ్ళవి ఎక్కిచ్చిన. రానోళ్ళవి నాకెట్ల ఎర్క? మా ఊరి లింబాద్రి పాస్‌పోర్టు అయ్యిందే నేను ఊరికొచ్చినంక. ఇగ తాళమంటవా, అది ఎట్లేస్తరో గూడ నాకు రాదు తమ్మీ."

అబద్ధం చెప్పే ముఖం కాదది. చెప్పవలసిన అవసరమూ లేదు.

మరో నెలకు లింబాద్రి ఒక ఫోటో పంపాడు. పాప జనన పత్రం. వెనకే ఒక వాయిస్ మెసేజ్: "సారూ, బిడ్డ పేరు సహస్ర అని పెట్టినం. ఆఫీసోళ్ళు ఇంగ్లీషుల తప్పు కొట్టిన్రంట. నా లెక్కనే అయ్యింది సూడు! మార్పియ్యాల్నా? మీకు కాయితాల సంగతి ఎర్క గద."

ఫోటో పెద్దది చేసి చూశాను. ఎస్ ఒకటి ఎక్కువ, మధ్యలో ఒక ఏ ఎక్కువ, చివర ఇంకో ఏ. ఎడిటర్ తెరిచి సరైన స్పెల్లింగు కొట్టాను. ఎర్ర గీత పడింది. చెరిపి, పత్రంలో ఉన్నట్టు ఒక్కొక్క అక్షరమే కొట్టాను. తెర మీద ఆ మాట ఏ గీతా లేకుండా తేటగా నిలిచింది. ప్రింటు తీయకుండానే తెలుసు నాకు. అయినా తీసి చూశాను. ఆ పాప కడుపున పడిందని వాళ్ళకే తెలియని నెలలో నేను పెట్టిన పెన్సిల్ గీత, సహస్సరా పక్కన.

ఒక్క అక్షరం తప్పుంటే నిద్ర పట్టని వాణ్ణి, లింబాద్రికి ఇలా రాశాను: "మార్చకండి అన్నా. ఇక ముందు ప్రతి కాగితంలోనూ ఇదే రాయించండి."

ఏం మారిందో చెప్పగలను. ఎప్పుడు మారిందో ప్రింటు మీద తేదీ చెబుతుంది. మూడో ప్రశ్న దగ్గర నా కాగితం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ ఫైల్‌లో ఒక్క పేరు ఇంకా మిగిలింది, కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా చూస్తుంటాను. రాసింది ఎవరైనా సరే, కాగితం చూసి రాసే మనిషి. ఆ కాగితం అప్పటికింకా పుట్టలేదు, అంతే.