గుయ్యిమనే టీవీ మీద పంచాయితీ

శ్రావణమాసం రెండో శుక్రవారం, పగలు పదకొండు గంటలకు, కోరుట్ల నుంచి మా కోడలి అన్న సిరిసిల్లలో మా ఇంటి ముందు ఆటో దిగాడు. టీవీ మీద పంచాయితీకి వచ్చాడు. అలాంటి పంచాయితీ కూడా ఉంటుందా అని నవ్వేవాళ్లు నవ్వండి. మా ఇంట్లో అయింది.

ఆ టీవీ ఆయనే దుబాయి నుంచి వస్తూ చెల్లెలికి తెచ్చాడు. తలుపంత పెద్దది, పలకంత పలచనిది. ముసలితనంలో నేర్చిన అక్షరాలతో నేను దాని అడుగున పరుగెత్తే వార్తలు కూడబలుక్కునేదాన్ని. మూడేళ్లు గోడకు బుద్ధిగా ఉండి, ఆ ఆషాఢంలో గుయ్యిమనడం మొదలుపెట్టింది. బొమ్మ బాగానే వచ్చేది. వెనక మాత్రం డబ్బాలో జోరీగను మూసిపెట్టినట్టు ఒకటే మోత.

చేతిలో పని లేని మగవాడికి ఇంట్లో ప్రతి వస్తువూ పగదే. మా కొడుకు కేబులు వైరు పీకాడు, ప్లగ్గు మార్చాడు, గోడకూ టీవీకీ మధ్య అట్టముక్క దూర్చాడు. ఊళ్లో మెకానిక్కులే లేనట్టు జగిత్యాల నుంచి ఒకణ్ణి పిలిపించాడు. ఆ మహానుభావుడు వెనక డొప్ప విప్పి, నోటితో ఉఫ్ అని ఊది, "బోర్డు కొంచెం వీక్ ఉన్నది" అన్నాడు. కొంచెం వీక్ అంటే ఏందయ్యా అని అడిగితే చాయ్ అడిగాడు. వెలుతురు పెంచితే మోత తగ్గుతుందని ఏదో నొక్కిపోయాడు. తెర మీద మనుషులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డారు గాని, మోత ఉన్నచోటే ఉంది.

ఇక కొడుక్కి దొరికింది కోడలు. అన్నం ముందు కూర్చుంటే చాలు, "మీ అన్న వాడి పారేసింది మాకు అంటగట్టిండు" అనేవాడు. ఆ పిల్ల నెలంతా విని, సెలవు మీద ఇంటికొచ్చి ఉన్న అన్నకు ఫోను చేసింది. "అచ్చి నీ టీవీ తీస్కపో. లేకుంటే నన్ను తీస్కపో."

అందుకే వచ్చాడాయన. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, టీవీ పెట్టించి చెవి ఒగ్గి విన్నాడు.

"అత్తమ్మ, మీ ఇల్లు గింత సప్పుడు లేకుంట ఉన్నదేంది? సాంచాలు నడుస్తలేవా?"

సాంచాలంటే మా మరమగ్గాలు. టీవీ ఉన్న గోడకు అవతలే షెడ్డు. మా కొడుకు ఫ్యాను వైపు చూశాడు. "మస్తు నడుస్తున్నయి బావ, రాత్రి గూడ ఆపుతలేం" అని వారం వారం ఫోనులో కోతలు కోసింది వీడే.

"ఇయ్యాల్నే బందు పెట్టినం బావ" అన్నాడు.

కోడలు వంటింటి గడపలోంచి అంది, "ఆషాఢం షురూల బందయినయి అన్న. సేట్లు నూలు ఇస్తలేరు."

"మరి టీవీ ఎప్పుడు కరాబయింది?"

"గప్పుడే" అని, తనే ఆగిపోయింది.

 టీవీ ఒక్కటే గుయ్యిమంది.

మా కొడుకు రోషంగా లేచి షెడ్డులోకి పోయి ఒక సాంచను వట్టిగానే నడిపించాడు. గోడ అదిరింది. జోరీగ మాయం. ఆపాడు. మళ్లీ వచ్చింది. టీవీ మా ఇంటికి వచ్చిన నాటి నుంచీ గుయ్యిమంటూనే ఉంది. సాంచాల మోతలో గొంతులు చించుకుని, టీవీని అంతకంటే గట్టిగా పెట్టుకుని బతికినవాళ్లం, మాకు వినబడిందెక్కడ.

సాంచాలకే చెవులు పోగొట్టుకున్న మా ఇంటాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. నేల అదిరిన సంగతి ఆయన కాళ్లకు తెలిసింది.

"నూలచ్చిందారా?"

"లేదు బాపు."

అది కూడా వినబడలేదు. వాడు చెయ్యి ఊపి చెప్పాడు.

"టీవీకేం కాలే బావ" అన్నాడు కోడలి అన్న. "పని లేదని నాకు చెప్తే అయిపోవు గద. మా చెల్లెనెందుకు అనవడితివి?"

"ఏమని చెప్పాలె? ఇంట్ల కూసున్న అని చెప్పాల్నా?"

"పాసుపోర్టు ఉన్నదా?"

"లేదు."

"చేపిచ్చుకో."

టీవీ ఇక్కడే ఉంది, చెల్లెలు ఇక్కడే ఉంది. ఆయన చివరికి దుబాయికి తీసుకుపోయింది మా కొడుకును. కొత్త బోర్డు వచ్చిందని ఆ తర్వాత జగిత్యాల మెకానిక్కు ఫోను చేస్తే, నీ నెత్తిన పెట్టుకో అన్నాను.

ఆ రోజు అక్కడున్నది మేం ఐదుగురం: గడపలో కోడలు, కుర్చీలో ఆమె అన్న, షెడ్డు తలుపు దగ్గర నా కొడుకు, నేను, మంచం మీద అరికాళ్లు నేలకు ఆనించి మా ఇంటాయన.