జూ ప్రయాణానికి అడ్డం కూర్చున్న నాయనమ్మ

నా చిన్నప్పుడు మేము రాయచూరు దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న కరెంటు ప్లాంటు కాలనీలో ఉండేవాళ్లం. అక్కడ ఎవరింట్లో ప్రయాణం పెట్టుకున్నా ముందు చిమ్నీ వైపు చూసేవాళ్లు. పొగ వస్తుంటే యూనిట్ నడుస్తున్నట్టు. పొగ ఆగిందంటే సెలవులో ఉన్నవాళ్లను కూడా పిలుచుకుపోయే జీపు వీధిలోకి వచ్చేది. మా నాయన బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అందుకే హైదరాబాదు జూకు పోదామన్న మాట మా ఇంట్లో ఎన్నిసార్లు లేచిందో అన్నిసార్లు అణిగిపోయింది.

ఆ చలికాలం మాత్రం నిజంగానే బయలుదేరాం. అమ్మ జొన్నరొట్టెలు, పల్లిపొడి మూట కట్టింది. సింహాన్ని చూడాలని నాకంటే మా నాయనమ్మకే ఎక్కువ ఆశ. పొద్దున్నే కొత్త చీర కట్టుకుని సిద్ధమైంది. స్టేషనుకు పోయే కాలనీ బస్సుకు ఇంకా కొంచెం టైముంది. ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు. నేను ప్రహరీ గోడెక్కి, "పొగ ఉంది, పొగ ఉంది" అని అరుస్తున్నాను.

మాతో రావడానికి ఊళ్లోంచి వచ్చిన మా చిన్నాయన నన్ను చూసి, "జూ దాంక పోవుడెందుకన్నా? కోతి ఇంట్లనే ఉన్నది గదా. దీనికో బోను చేపిస్తే సరిపాయె" అన్నాడు.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గోడ దిగి, "నేను రాను" అని గడప మీద కూర్చున్నాను.

బతిమాలారు, కసిరారు. "తమాషకంటే గింత కోపమా? లే, బస్సు పోతది" అని నాయన చెయ్యి పట్టి లాగాడు. నేను కదల్లేదు. అప్పుడు, గడప మీద కూర్చుంటే రోజూ తిట్టే నాయనమ్మ, చేతిసంచి కింద పెట్టి, కొత్త చీరతోనే వచ్చి నా పక్కన అదే గడప మీద కూర్చుంది.

"నేను గూడ రాను. మీరు పోయిరాండ్రి."

"నీకేమైందే అమ్మా?" అన్నాడు చిన్నాయన.

"నాకేం గాలే. దానికైంది. తమాష అంటే అందరు నవ్వాలె గదరా. అది నవ్విందా?"

ఆమె నన్ను ఓదార్చలేదు, లెమ్మనీ అనలేదు. ఆమె మోకాలు నా మోకాలికి తగులుతూ ఉంది. నాయన వాచీ చూసుకుంటున్నాడు. అమ్మ మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మారుస్తోంది. చివరికి చిన్నాయన, "మాఫ్ చెయ్ తల్లీ, ఇంక అనను" అన్నాడు. నా వైపు చూసి అనలేదు, తలుపు వైపు చూసి అన్నాడు. అదీ గుర్తుంది. అయినా లేచాను.

వీధి మలుపు దాకా పోయామో లేదో, చిమ్నీ మీద ఆకాశం ఖాళీగా కనిపించింది. జీపు ఎదురొచ్చింది. నాయన ఎక్కి వెళ్లిపోయాడు.

"దీని అలకతోనే అంతా పాడాయె" అన్నాడు చిన్నాయన.

"పిల్ల అలిగితే మిషను ఆగుతదారా? స్టేషన్ల ఉన్నా పిలుచుకపోతుండిరి" అని నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటికి మళ్లింది. కొత్త చీర విప్పి మడత పెట్టేటప్పుడు కూడా నన్ను ఒక్కమాట అనలేదు. రొట్టెల మూట వాకిట్లోనే విప్పాం.

జూ ఆ తర్వాత ఎప్పుడో చూశాం. సింహం అటు తిరిగి పడుకుని ఉంది. చిన్నాయన మీద నా ఫిర్యాదు మాత్రం నేటికీ అలాగే ఉంది. తలుపుకు చెప్పిన మాఫీని నేను తీసుకోలేదు. కానీ ఇప్పుడు మా ఇంట్లో ఏ పిల్లయినా మూతి ముడుచుకుని గడప మీద కూర్చుంటే, తప్పెవరిదని ముందు అడగను. మోకాళ్లు వంగనని మొరాయించినా, మెల్లగా పోయి పక్కన కూర్చుంటాను. బస్సు పోతే పోనీ.