స్టేషన్ దారికి అడ్డంగా నేను కట్టించిన గోడ

సోమవారం పొద్దున ఏడు గంటల నాలుగు నిమిషాలకు నా భార్య సరోజ గేటు తీసింది. ఏడు పదకొండుకు రైలు. ఆ ఏడు నిమిషాల్లో నా పరువు ఎంత దూరం పోయిందో చెబుతాను. నవ్వండి, నవ్వదగిందే.

సరోజ అనంతపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. బస్సులను నమ్ముకుని రోజూ ఆలస్యమయ్యేది. "ఇంకొక్క రోజు లేటైతే రావద్దమ్మా" అని ఓనరు తేల్చేశాడు. అందుకే ఉన్నదంతా ఊడ్చి, రైలు ఆగే ఈ చిన్న స్టేషన్ పక్క లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చినవారు పెట్టిన షరతు ఒకటే: ప్లాట్‌ఫారం దాకా నడకదారి వదలాలి. వదిలారు. అది తిన్నగా వచ్చి మా గేటు ముందు ఆగింది.

వాస్తు చూసే ఆయన దాన్ని చూసి పెదవి విరిచాడు.

"వీధిపోటన్నా ఇది. దారి వచ్చి ఇంటిని పొడుస్తాంది. ఇంటాయనకు గండం."

ఇంటాయనంటే నేనే.

"మూసేస్తే?"

"మూసేస్తే నూరేండ్లు."

ఇంటినిండా పుస్తకాలున్న నేను ఈ మాట నమ్మాను. సరోజ పుట్టింటికి వెళ్లిన ఆదివారం, గేటుకు ఎదురుగా దారికి అడ్డంగా ఛాతీ ఎత్తు గోడ కట్టించాను.

"ఏమప్పా, మరి స్టేషన్‌కు యాట్లా పోయేది?" అన్నాడు పక్కింటి ఖాదర్.

"హైవే మీద చుట్టి పోవచ్చులే."

చుట్టు రెండు కిలోమీటర్లు. రైలెక్కని మనిషికి అదెంత!

ఆ రాత్రి సరోజ బస్సు దిగి వచ్చేసరికి కరెంటు లేదు. గోడ కనబడలేదు, నేను చెప్పలేదు. పొద్దున చూసి మురిసిపోతుందనుకున్నాను.

"ఏమయ్యా, ఇదేంది?" అంది పొద్దున గేటు తీసి.

"నా ప్రాణానికి రక్ష."

"నీ ప్రాణం సరే. నా పని?"

ఇన్ని పుస్తకాలు చదివాను, ఈ ప్రశ్న ఎక్కడా తగల్లేదు.

"బండి తీయ్!"

"మెకానిక్ దగ్గరుండాది."

వెనక బ్యాగులతో పదిమంది చేరారు. "ఎవరప్పా కట్టింది?" అని కేకలు. ఖాదర్ రంజాన్ నెలవంకను చూపినట్టు నన్ను చూపించాడు. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు గోడ కట్టి చూడు అని ఎందుకనలేదో అప్పుడు తెలిసింది.

రైలు కూసింది.

"వంగు," అంది సరోజ.

వంగాను. నా వీపు మీద కాలుపెట్టి గోడెక్కి కూర్చుంది. గోడ ఒక క్షణం ఆలోచించింది. తర్వాత ఆమెతో సహా అటువైపు పడుకుంది.

కొత్త గోడకు నీళ్లు పట్టాలి. మా కుళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. గోడకు బిందెడు నీళ్లు పోసే మొనగాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. కరువు మాకు చేసిన మేలు అదొక్కటే.

సరోజ ఇటుకల మధ్య లేచి, చీర దులుపుకుని, కోట పగలగొట్టిన దానిలా చెయ్యెత్తింది.

"రాండప్పా!"

పదిమందీ నన్ను దాటుకుని పరుగెత్తారు. అందరికీ రైలు దొరికింది. రైలు తలుపు దగ్గర నిలబడి ఆమె అరిచింది: "నేనొచ్చేలోపల ఇటుకలెత్తేయ్!"

ఎత్తేశాను. ఆ తర్వాత పదేళ్లు పనిచేసింది, ఒక్కరోజూ లేటు కాలేదు. రెండేళ్ల కిందట పోయింది. గండం నాకన్నాడు ఆ వాస్తు ఆయన. నేను నిక్షేపంగా ఉన్నాను.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నడిచే మనుషులకు అడ్డంగా ఈ జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టను. మా లేఅవుట్‌లో ఇప్పుడు ఎవరూ వీధిపోటుందేమోనని వాస్తు చూపించుకోరు.