చనిపోయిన డ్రమ్మరు నవ్వాలి

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర, చవకబారు భయానక చిత్రాలు వెతికి మరీ చూసే అలవాటున్న నా జర్మన్ సహోద్యోగి ఒకాయన, ఎప్పుడో ఇంగ్లీషువాళ్ళు తీసిన ఒక సినిమా గురించి చెప్పి పగలబడి నవ్వాడు. ఒక రాక్ బ్యాండు పాటలు రికార్డు చేసుకోవడానికి మూతబడ్డ నూలు మిల్లుకు వెళ్తుందట, ముసుగు వేసుకున్న హంతకుడొకడు అందరినీ ఒకరి తరువాత ఒకరిని చంపుకుంటూ పోతాడట, డ్రమ్మరు మాత్రం చచ్చేదాకా ఏదో వింత దరువు వాయిస్తూనే ఉంటాడట. ఆ దరువు వింతదేమీ కాదు, కరీంనగర్ వినాయక నిమజ్జనాల్లో మోగే తీన్‌మార్. ఆ డ్రమ్మరు, కెమ్నిట్జ్‌లో చదువుకునే రోజుల్లో రెండేళ్ళపాటు నాతో ఒకే గదిలో ఉన్న అన్న. సొంత అన్న కాదు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, వచ్చిన మొదటి రోజు నాకు అన్నం వండిపెట్టి అన్న అయిపోయాడు. ఆయన పోయి రెండేళ్ళయింది.

జర్మనీలో ఉద్యోగం చేసుకోనిచ్చే బ్లూ కార్డు చేతికొచ్చి బెర్లిన్‌లో స్థిరపడ్డాక కెమ్నిట్జ్ నాకు కలలో ఊరిలాగే మిగిలింది. ఇప్పుడు అక్కడ ట్రామెక్కితే సగం మంది తెలుగువాళ్ళేనని చెబుతారు కానీ, మేం వెళ్ళిన కాలంలో దుకాణంలో ఎవరైనా తెలుగు మాట్లాడితే వెనకాలే వెళ్ళి పలకరించేవాళ్ళం. చలికాలం మధ్యాహ్నాలు మబ్బుగా, మెత్తగా, ఎటూ కదలకుండా ఉండేవి. అలాంటి ఒక మధ్యాహ్నం మెన్సాలో, అంటే మా యూనివర్సిటీ క్యాంటీన్‌లో, అన్న ఏదో ఆలోచిస్తూ రెండు చెంచాలతో బల్లమీద దరువు వేస్తుంటే, ఊలు టోపీ పెట్టుకున్న ఒక పొట్టి ఇంగ్లీషావిడ వచ్చి మా ఎదురుగా కూర్చుంది. తాను సినిమా తీస్తున్నానని, డ్రమ్మరు వేషం వేయాల్సినవాడు జ్వరం వచ్చి ఇంగ్లండులోనే ఉండిపోయాడని చెప్పింది. ఆవిడ కళ్ళు దరువు మీద కంటే అన్న జుట్టు మీద ఎక్కువసేపు నిలిచాయి. ఇక్కడి మంగలి మీద నమ్మకం లేక అన్న ఆరు నెలలుగా పెంచిన జుట్టు అది.

అన్న సరేనన్నాడు. షూటింగు జరిగిన, ఊరి బయటి ఆ మిల్లును నేను ఇప్పటికీ మరిచిపోలేను. కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు కట్టి పగటిని రాత్రి చేశారు, గుడ్డకు చిల్లు పడ్డచోట నుంచి మంచు వెలుగు సన్నగా దారంలా లోపలికి దిగేది. మనుషులు పట్టుమని పదిమంది లేరు. హంతకుడి వేషం వేసింది దర్శకురాలి నాన్నగారే, పోస్ట్‌మాన్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన. గొడ్డలితో ఒకర్ని నరికేసి, ముసుగు తీసి, అదే మనిషికి దుప్పటి కప్పి, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చేవాడు. రక్తమంటే చక్కెర పాకంలో ఎర్రరంగు. ఎవరి ప్రాణం పోయినా మిల్లంతా తీపి వాసన వేసేది. నేను అన్నకు తోడుగా వెళ్ళి, నా ఇంగ్లీషు బాగుంటుందన్న గర్వంతో దుబాసీ పని నెత్తిన వేసుకున్నాను. కాకినాడ కాన్వెంట్లో చదివానన్న డాబు ఆ వయసులో నాకు కాస్త ఎక్కువే.

అన్న వాళ్ళ నాన్న హైదరాబాద్ స్టూడియోల్లో లైట్‌మాన్. చిన్నప్పుడు ఆయన వెంట వెళ్ళి షూటింగులు చూసిన అన్నకు ఈ ఇంగ్లీషువాళ్ళు కొబ్బరికాయ కొట్టకుండా సినిమా మొదలుపెట్టడమే మింగుడుపడలేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మన షూటింగుల్లో చనిపోయినట్టు నటించినవాణ్ణి అలాగే లేవనివ్వరు. పడుకున్నచోటే కెమెరాకేసి చూసి ఒక్క నవ్వు నవ్వాలి, దాన్ని కెమెరా తీసుకోవాలి, అప్పుడే లేవాలి. ఇదంతా ఉత్తుత్తిదే, నువ్వు పో అని చావుకు చెప్పడమన్నమాట. పైగా అప్పుడు వదిన కరీంనగర్‌లో నిండు చూలాలు, ఆమెకు తొలి కాన్పు.

మూడోరోజు అన్న చావు తీశారు. డ్రమ్ముల పక్కన మెడనిండా పాకంతో పడున్నాడు. దర్శకురాలు బాగుందని కేక వేసి మరో మూలకు లైట్లు మార్పించుకుంటోంది. నేను దగ్గరకు వెళ్తే అన్న కదలకుండా, పెదవులు మాత్రం కదిపాడు.

"తమ్మీ, జెర ఆమెకు జెప్పురా. ఒక్క నవ్వు తీస్కొమ్మను, గప్పుడు లేస్త. మా బాపు ఎవ్వర్నీ ఉత్తగ లేవనిచ్చెటోడు కాదు."

ఆరడుగుల దూరంలో ఆవిడ ఉంది. వెళ్ళాను. ఏమని చెప్పాలి? ఇంజనీరింగులో మాస్టర్స్ చేస్తున్న ఇద్దరం ఇలాంటివి నమ్ముతామని ఈ తెల్లవాళ్ళు అనుకుంటారేమోనని నాకు సిగ్గేసింది. భోజనం ఎన్నింటికని అడిగాను. ఆవిడ చెప్పింది. తిరిగొచ్చి అన్నతో, కుదరదంట అన్నాను.

అన్న నాకేసి కాసేపు చూశాడు. తరువాత తనే లేచి, మెడమీది పాకం తుడుచుకుంటూ నవ్వేశాడు. "నవ్వనీకి గూడ టెర్మిన్ గావాల్నారా ఈ దేశంల?" అన్నాడు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు, అది లేనిదే ఇక్కడ ఏ పనీ జరగదు.

నాలుగు రోజులకు అన్నకు ఇంటి నుంచి ఫోను. వదినకు బీపీ బాగా పెరిగిపోయిందని, ఆస్పత్రిలో చేర్చారని, తల్లీబిడ్డల గురించి డాక్టర్లు ఏమీ చెప్పలేకపోతున్నారని అన్న అత్తగారు ఏడుస్తూ చెప్పింది. అన్న వండుకోలేదు, తినలేదు, కిటికీ దగ్గర కూర్చుని మంచు చూస్తూ ఉండిపోయాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. "నవ్వకుండ లేస్తి గదరా" అని మాత్రం ఒకసారి తనలో తాను అనుకున్నాడు. నాకు ఆ నమ్మకం ఉందా లేదా అన్నది కాదు, ఆయనకు ఉంది, దాన్ని అడ్డుకున్నది నేను.

మర్నాడు పొద్దున్నే రెండు బస్సులు మారి మిల్లుకు వెళ్ళాను. వాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. దర్శకురాలిని పక్కకు పిలిచి, నేను చెప్పిన అబద్ధంతో సహా అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. హంతకుడి వేషం వేసిన తాతగారు మాత్రం, తమ ఊరి జాలరులకూ ఇలాంటివి బోలెడున్నాయని, సముద్రం మీద వాళ్ళు ఈల కూడా వేయరని చెప్పి, కట్టేసిన పెట్టెల్లోంచి కెమెరా బయటికి తీయించాడు. నేను అన్నకు ఫోను చేసి, టెర్మిన్ దొరికిందన్నా, వచ్చెయ్ అన్నాను. గంటలో వచ్చాడు. తాతగారే మిగిలిన పాకం మెడకు రాశాడు. అన్న అదేచోట పడుకుని కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, నవ్వాడు. అది చూసి మిగతా శవాలన్నీ వరసకట్టాయి. గిటారువాడు, పాడే అమ్మాయి, అందరూ వాళ్ళు చచ్చినచోటికి వెళ్ళి పడుకుని నవ్వి లేచారు. ఒక నల్లగుడ్డ తీసేశారేమో, లోపలంతా తెల్లటి పగలు పరుచుకుని, ఎవరూ చావని లోకంలా ఉండింది ఆ కాసేపు.

ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని కబురొచ్చింది. కాపాడింది డాక్టర్లే, నాకు తెలుసు. అన్నకూ తెలుసు. దర్శకురాలే మనసు మార్చుకుందని చెప్పాను తప్ప నా అబద్ధం సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చదువులయ్యాక ఆయన ఉద్యోగం కైసర్స్‌లౌటర్న్‌లో, నాది బెర్లిన్‌లో. పండగలకు ఫోన్లు, తరువాత మెసేజీలు, తరువాత ఒకరోజు వదిన ఫోను, గుండె ఆగిపోయిందని.

ఇన్నేళ్ళుగా చూడని సినిమా మొన్న చూశాను. నిజంగానే నాసిరకం. చివర పేర్లు పడుతుంటే ఒక్కసారిగా ఆ నవ్వులు వచ్చాయి, ఆవిడ వాటిని దాచి సినిమాలో పెట్టిందని నాకు తెలియదు. మా అమ్మాయి అప్పుడే గదిలోకి వచ్చి, ఆయన చచ్చిపోలేదుగా, నవ్వుతున్నాడుగా అని జర్మన్‌లో అంది. అవునమ్మా అన్నాను. అన్న కెమెరాకేసి చూడటం లేదు. కెమెరా పక్కన నిలబడ్డ నాకేసి చూస్తున్నాడు. థీసిస్ మొత్తం ఇంగ్లీషులో రాసిన మనిషి, ఆరడుగుల దూరంలో నేను భోజనం ఎన్నింటికని అడగడం వినలేదని ఇన్నాళ్ళూ ఎలా అనుకున్నాను?

ఆ కాస్త ముక్కే కత్తిరించి వదినకు పంపాను. నాన్న నవ్వును వాళ్ళమ్మాయి పదేపదే చూస్తోందని జవాబొచ్చింది. ఇప్పుడు జేబులో ఫోనుంది, రోజుకు వంద నవ్వులు అడగకుండానే తీసుకుంటున్నాం, తీసి మరిచిపోతున్నాం. ఒక్క నవ్వు కోసం మంచులో రెండు బస్సులు మారి వెళ్ళిన కుర్రాణ్ణి నేనేనా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ కుర్రాడు అడగాల్సిన క్షమాపణ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, అన్న ఆ నవ్వుతోనే నన్ను క్షమించేశాడని తెలిసినా.